స్థిరచిత్తుడు సీతారామరాజు

పాడేరు కొండలలో వర్షాకాలమున గెడ్డలు పొంగి బురదనీటితో వడివడిగా పరుగెత్తును. అప్పుడు అడుగుననున్న రాయి కనబడదు. వానలు వెలిసి ప్రవాహము నెమ్మదించినపుడు ఆ నీరే తేటపడును. మానవుని మనస్సును అట్టిదే. తలపు వెంట తలపు తరుముకొని వచ్చుచుండగా మంచిచెడ్డలు గోచరింపవు. ఆ ప్రవాహమును అదుపులో నుంచుకొని, ఆపదలలోను వివేకమును కోల్పోక నిలిచిన వీరుడొకడు ఈ మన్యములో సంచరించెను. అతడే అల్లూరి సీతారామరాజు. 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాకు అతని పేరే పెట్టిరి.

సీతారామరాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణము జిల్లాలోని పాండ్రంగి గ్రామమున, మాతామహుల యింట జన్మించెను. తండ్రి వెంకటరామరాజు ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా గలవాడు. తల్లి సూర్యనారాయణమ్మ. 1908లో తండ్రి మరణించెను. అప్పటికి బాలునకు పదకొండేండ్లు. పినతండ్రి రామకృష్ణరాజు ఆ కుటుంబమునకు అండగా నిలిచెను. ఊరు మారినపుడెల్ల పాఠశాలయు మారుచుండుటచే చదువు నిలకడగా సాగలేదు. గుర్రపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము అతడు ఆసక్తితో అభ్యసించెను. అన్నిటికంటె దైవచింతనయే అతనిని మిక్కిలిగా ఆకర్షించెను. 1916లో ఉత్తరదేశయాత్రకు బయలుదేరి కాశి మొదలగు పుణ్యక్షేత్రములను దర్శించెను.

1917లో అతడు మన్యపు ముంగిటనున్న కృష్ణదేవిపేట చేరెను. అక్కడ సన్న్యాసివలె జీవించుచు జపధ్యానములలో కాలము గడపెను. ధ్యానమనగా తలపులను బలవంతముగా అణచివేయుట కాదు. కన్నులు మూసి కూర్చున్నవానికి ఆకలి, అలసట, నిన్నటి అవమానము, రేపటి భయము ఒకదానివెంట నొకటి తోచుచునే యుండును. తోచినదానిని గుర్తించి, దానివెంట పోక, మనస్సును మరల దైవనామము మీదనో శ్వాస మీదనో నిలుపవలెను. అది నూరుమార్లు జారిపోయినను నూరుమార్లును ఓర్పుతో మరలింపవలెను. ఇట్లు అభ్యసించినవానికి తలపు పుట్టుటకును పనికి పూనుకొనుటకును నడుమ కొంత యెడము ఏర్పడును. ఆ యెడములోనే వివేకము పనిచేయును.

మన్యవాసులు ఆ యువకుని గురువుగా భావించిరి. అతడు వారికి మందులిచ్చెను. కల్లుసారాయిలు మానుడని బోధించెను. తగవులను కోర్టులకెక్కక పంచాయతీలలో తీర్చుకొనుడని చెప్పెను. కాని వారి కష్టములు అంతటితో తీరునవి కావు. 1882 నాటి అడవి చట్టమువలన పోడు వ్యవసాయమునకు అడ్డంకులు కలిగినవి. కొండదారులలో రోడ్లు వేయించిన ప్రభుత్వోద్యోగులు కూలి సరిగా ఈయరైరి. గాము గంటందొర, మల్లుదొర మొదలగువారు తమ గోడును రాజునకు విన్నవించిరి. అధికారులు అతనినే అనుమానించి నిఘా యుంచిరి.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై రాజు దాడి చేసి 26 తుపాకులను పట్టుకొనెను. విజయము చేజిక్కినపుడు మనస్సు పగతో ఉప్పొంగుట సహజము. అయినను అతడు ఆ ఠాణాలలోని పోలీసుల ప్రాణములు తీయలేదు. తాను తీసికొన్న ఆయుధముల వివరములను వ్రాసి యిచ్చి మరీ వెడలెను. ఆ తరువాత కొన్ని దాడులకు ముందుగనే కబురు పంపెను. మిరపకాయ కట్టి పంపిన ఆ లేఖలు మిరపకాయ టపా యను పేర ప్రసిద్ధికెక్కినవి.

సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో అతని మనస్థైర్యమునకు గట్టి పరీక్ష కలిగెను. పొదలచాటున పొంచియున్న రాజు అనుచరుల కెదురుగా ప్రభుత్వసేన కనుమ దారిలో వచ్చుచుండెను. ముందు నడచువారు భారతీయ సైనికులు. వారిని చంపరాదని రాజు ఆజ్ఞ. గురి కుదిరిన తుపాకులు పట్టి, ఒక్క గుండైనను పేల్చక, వారిని సాగనిచ్చుటకు ఎంతటి నిగ్రహము కావలెనో ఊహింపవచ్చును. వెనుక వచ్చిన స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లేయాధికారులు ఇరువురు మాత్రము హతులైరి.

పిదప అదృష్టము తిరగబడెను. 1922 డిసెంబరు 6వ తేదీన పెద్దగడ్డపాలెము పోరులో రాజు అనుచరులనేకులు కూలిరి. 1923లో మల్లుదొర పట్టుబడెను. బయటి ప్రాంతములనుండి సేనలు వచ్చి కొండలను చుట్టుముట్టెను. రాజు జాడ చెప్పుమని పల్లెవాసులను అధికారులు పీడించిరి. ఆకలిదప్పులకోర్చి రెండేండ్లపాటు అడవులలో తిరిగినను రాజు తన మార్గమును వీడలేదు. 1924 మే 7వ తేదీన మంప వద్ద అతడు పట్టుబడెను. కొయ్యూరునకు గొనిపోయి, విచారణయైనను లేకుండ, మేజర్ గుడాల్ చెంత అతనిని కాల్చి చంపిరి. అప్పటికి అతనికి ఇరువదియేడేండ్లైనను నిండలేదు. అతని సమాధి కృష్ణదేవిపేటలో కలదు.

సీతారామరాజు సాహసమును అందరును కొనియాడుదురు. ఆ సాహసమునకు కళ్లెమువలె నిలిచిన నిగ్రహమును గూడ తలచుకొనవలెను. కోపము, భయము, దుఃఖము పుట్టని మనస్సు లోకమున లేదు. అవి పుట్టినంతనే వాటివెంట పరుగెత్తువాడు వాటికి బానిస యగును. ఒక్క క్షణమాగి, వాటిని గుర్తించి, తగిన కార్యమును ఎన్నుకొనువాడే స్వతంత్రుడు.