రోరీ గాలహర్

రోరీ గాలహర్ (మార్చి 2, 1948 - జూన్ 14, 1995) ఐర్లాండుకు చెందిన ప్రముఖ రాక్, బ్లూస్ గిటారు వాద్యకారుడు, గాయకుడు, గీత రచయిత. ఐర్లాండు నుండి అంతర్జాతీయ ఖ్యాతి పొందిన తొలి రాక్ కళాకారులలో ఒకడు.

బాల్యం

డొనెగల్ కౌంటీలోని బాలీషానన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అక్కడి ఎర్న్ నదిపై జలవిద్యుత్ కేంద్ర నిర్మాణంలో పనిచేసేవాడు. తరువాత తల్లి పిల్లలతో దక్షిణాన ఉన్న కార్క్ నగరానికి చేరింది. రోరీ పెరిగినది అక్కడే. పదిహేనేళ్ళ వయసులో షోబ్యాండులో చేరాడు. షోబ్యాండులనగా నృత్యశాలలలో జనాదరణ గల పాటలు వాయించే బృందాలు. మన పెళ్ళిళ్ళలో సినిమా పాటలు వాయించే బ్యాండువారి వంటివారే. 1963లో కార్క్‌లోని ఒక దుకాణంలో, అప్పటికే ఒకరు వాడిన 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారును 100 పౌండ్లకు కొన్నాడు. ఆ కుటుంబానికి అది పెద్ద మొత్తమే. 1966లో అది దొంగిలించబడి, కొన్ని రోజులకు ఒక గుంటలో దొరికింది. కాలక్రమంలో రంగు దాదాపు పూర్తిగా ఊడిపోయినా దానిని విడువలేదు.

సంగీత జీవితం

1966లో టేస్ట్ అనే బృందాన్ని స్థాపించాడు. 1970 ఆగస్టులో ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలో ఆ బృందానికి గొప్ప ఆదరణ లభించినా, అంతర్గత విభేదాల వలన అదే సంవత్సరం విడిపోయింది. 1971 నుండి తన పేరుతోనే ఆల్బములు వెలువరించాడు. సింగిల్ రికార్డులు విడుదల చేయుటకు అంగీకరించేవాడు కాదు. కచేరీయే ఆయనకు ప్రధానం. గళ్ళ చొక్కాతో, ఆర్భాటం లేకుండా వేదికనెక్కేవాడు.

ఉత్తర ఐర్లాండులో హింస చెలరేగిన 1970వ దశకంలో చాలామంది సంగీతకారులు బెల్‌ఫాస్ట్‌కు రావడం మానుకున్నారు. ఆ భయం అకారణం కాదు: 1975 జూలైలో కచేరీ ముగించుకొని తిరిగి వెళ్తున్న మయామీ షోబ్యాండు సభ్యులు ముగ్గురిని సాయుధులు హతమార్చారు. రోరీ మాత్రం బెల్‌ఫాస్ట్‌ను విడువలేదు. అక్కడి అల్‌స్టర్ హాలులో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కలిసి కూర్చొని ఆయన వాద్యం విన్నారు. ఆయనపై ఆ నగరపు అభిమానానికి మూలం ఇదే అనవచ్చు. 1974 జనవరిలో బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ నగరాలలో చేసిన కచేరీల నుండి ఐరిష్ టూర్ '74 అనే ఆల్బము, టోనీ పామర్ దర్శకత్వంలో చిత్రం వెలువడ్డాయి. ఆయన కృషిలో ముందుగా వినదగినది ఇదే.

1975లో రోలింగ్ స్టోన్స్ బృందంతో కలిసి వాయించడానికి రోటర్‌డాం వెళ్ళాడు. కానీ అప్పటికే ఒప్పుకున్న జపాను పర్యటన కోసం తిరిగి వచ్చేశాడు.

చివరి రోజులు

విమాన ప్రయాణమంటే ఆయనకు భయం. ఏటా నెలల తరబడి పర్యటించవలసిన వాడికి ఇది చిన్న విషయం కాదు. వైద్యులిచ్చిన మందులు, దానికి తోడు మద్యపానం కాలేయాన్ని దెబ్బతీశాయి. 1987లో డిఫెండర్, 1990లో ఫ్రెష్ ఎవిడెన్స్ ఆల్బములు వచ్చాయి. 1995 జనవరిలో నెదర్లాండ్స్‌లో చివరి కచేరీ చేశాడు. అనంతరం లండనులోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో కాలేయ మార్పిడి జరిగింది. కోలుకుంటున్న దశలో ఇన్‌ఫెక్షన్ సోకి 47 ఏళ్ళ వయసులో మరణించాడు. కార్క్ సమీపంలోని బాలిన్‌కాలిగ్‌లో సమాధి చేశారు.

2010లో బాలీషానన్‌లో ఆయన కాంస్య విగ్రహం ఆవిష్కరించబడింది. 2024 అక్టోబరులో ఆయన స్ట్రాటోకాస్టర్ లండను వేలంలో 8,89,400 పౌండ్లకు అమ్ముడయింది. కొన్న ఐరిష్ కచేరీ నిర్వాహక సంస్థ దానిని ఐర్లాండు జాతీయ మ్యూజియంకు విరాళంగా ఇవ్వనున్నట్లు ప్రకటించింది.