తొలి విమాన పరిచారిక ఎలెన్ చర్చ్

మణుగూరు చేరిన రైలుదారి అక్కడితో ముగుస్తుంది. చుట్టూ బొగ్గు గనులు, అడవి, అనతిదూరాన గోదావరి. ఆ ఊరి బడిలో చదువుకొనే బాలికకు విమానం అంటే తల యెత్తి చూచినపుడు ఆకాశంలో కనిపించే సన్నని తెల్లని చార. అందులో ఉద్యోగం సంపాదించటం ఎట్లా అని ఆ బాలిక అడిగితే, ఇంత వయస్సు, ఇంత చదువు, ఇన్నాళ్ల శిక్షణ అని ఉపాధ్యాయుడు వరుసగా చెప్పవచ్చును. కాని ఆ షరతులు ఆకాశం నుండి ఊడిపడినవి కావు. అసలు స్త్రీలకు విమానంలో ఉద్యోగమే లేని కాలంలో దానిని కల్పించి, తానే అందులో మొదట ప్రవేశించిన యువతి ఒకతె ఉన్నది. ఆమె పేరు ఎలెన్ చర్చ్. ఆమెది కూడ ఒక చిన్న ఊరే.

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో క్రెస్కో అనే పట్టణం సమీపాన, ఒక వ్యవసాయ కుటుంబంలో 1904 సెప్టెంబరు 22న ఎలెన్ జన్మించినది. రైట్ సోదరులు తమ యంత్రాన్ని గాలిలోకి లేపి అప్పటికి ఏడాది కూడ నిండలేదు. విమానాలతోపాటే పెరిగిన తరం ఆమెది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నర్సు విద్య అభ్యసించి, 1926లో పూర్తిచేసి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక ఆసుపత్రిలో చేరినది. వృత్తి రోగుల పరిచర్య. మనస్సు మాత్రం విమానాల మీద. తీరిక వేళలలో విమానం నడపటం కూడ నేర్చుకొన్నది.

1930లో ఆమె బోయింగ్ ఎయిర్ ట్రాన్స్‌పోర్టు అనే కంపెనీ కార్యాలయానికి వెళ్లి, అక్కడి మేనేజరు స్టీవ్ స్టింప్సన్‌ను కలుసుకొన్నది. ఆమె కోరినది పైలట్ ఉద్యోగం. ఆనాడు ఏ కంపెనీ కూడ ప్రయాణికుల విమానాన్ని స్త్రీ చేతికి అప్పగించే స్థితిలో లేదు. తలుపు మూసుకొన్నదని తెలిసిన తరువాత సామాన్యులు ఇంటిదారి పట్టుతారు. ఎలెన్ మరొక తలుపు చూపినది. విమానంలో పరిచారకులుగా పురుషులను నియమించాలని స్టింప్సన్ ఆలోచిస్తున్న సమయమది. పురుషులకు బదులు శిక్షణ పొందిన నర్సులను నియమించరాదా అని ఆమె సూచించినది. ఆ కాలపు ప్రయాణికులకు విమానమంటే ప్రాణభయం. పైగా కుదుపులు, వాంతులు. నర్సు పక్కన ఉంటే ధైర్యం. స్త్రీయే ఎక్కి ప్రయాణిస్తున్నపుడు భయపడటానికి పురుషునికి సిగ్గు. ఈ రెండవ మాటలో ఉన్న లౌక్యం గమనింపదగినది. స్త్రీలు దుర్బలులనే లోకాభిప్రాయాన్నే ఆమె తన వాదానికి మెట్టుగా చేసుకొన్నది.

స్టింప్సన్ ఈ సూచనను పై అధికారులకు పంపగా మొదట నిరాకరణ వచ్చినది. ఆ పిమ్మట మూడు నెలల ప్రయోగానికి అంగీకారం లభించినది. ఎలెన్‌తో కలిపి ఎనిమిదిమంది నర్సులను ఎంపికచేసినారు. అవివాహితలై ఉండాలి, వయస్సు 25 సంవత్సరాలు మించరాదు, బరువు 115 పౌన్లు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు దాటరాదు. విమానంలో చోటు ఇరుకు, మోయగల బరువు తక్కువ కనుక చివరి రెండు షరతులకు కారణం కనిపిస్తుంది. వివాహానికీ విమానపు బరువుకూ సంబంధమేమిటో మాత్రం ఊహించటం కష్టం. జీతం నెలకు 125 డాలర్లు.

1930 మే 15న ఓక్‌లాండు నుండి చికాగోకు బయలుదేరిన మూడు ఇంజన్ల బోయింగ్ విమానంలో ఎలెన్ విధులలో ప్రవేశించినది. ప్రయాణికులు 14 మంది. దారిలో 13 చోట్ల ఆగుతూ సాగిన ఆ ప్రయాణానికి దాదాపు 20 గంటలు పట్టినది. చిరునవ్వుతో కాఫీ అందించటమే ఆ ఉద్యోగమని అనుకొంటే పొరపాటు. సామాను ఎక్కించటం, టిక్కెట్లు చూడటం, నేలకు బిగించిన కుర్చీల మరలు వదులైనవేమో పరీక్షించటం, గడియారానికి తాళం త్రిప్పటం ఆమె పనులే. స్నానాలగది అనుకొని బయటి తలుపు తెరవబోయే ప్రయాణికుని ఆపటం, వెలుగుతున్న సిగరెట్టును కిటికీ గుండా పారవేయకుండ చూడటం కూడ ఆమె బాధ్యతలే. అవసరమైనపుడు ఇంధనం నింపటంలోను, విమానాన్ని షెడ్డులోకి నెట్టటంలోను చేయి వేయవలసి ఉండేది. పైలట్లలో కొందరు మొదట ఈ యువతులను చూచి మొగం చిట్లించినారు. ప్రయాణికులు మాత్రం సంతోషించినారు. మూడు నెలల ప్రయోగం స్థిరమైన వృత్తిగా మారినది. ఇతర కంపెనీలు కూడ అదే దారి పట్టినవి.

తాను తెరిచిన దారిలో ఎలెన్ నడిచినది మాత్రం పద్ధెనిమిది నెలలే. ఒక కారు ప్రమాదంలో గాయపడి విమానాలకు దూరమైనది. మరల మిన్నెసోటాకు వెళ్లి, నర్సింగు బోధనలో పట్టా తీసుకొన్నది. 1936లో మిల్వాకీలోని ఆసుపత్రిలో పిల్లల విభాగానికి పర్యవేక్షకురాలైనది.

ఆమె కోరిన పైలట్ ఆసనం స్త్రీలకు దక్కటానికి చాలాకాలం పట్టినది. ఈ విషయంలో తెలుగునేలకు కొంత చరిత్ర ఉన్నది. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను కంపెనీ తరువాత కంపెనీ నిరాకరింపగా, చివరకు చేరదీసినది హైదరాబాదు కేంద్రంగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్. ఆ కంపెనీ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది.

పరిచారికలను పట్టి ఉంచిన వివాహ నిబంధన ఇంకా మొండిది. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం వచ్చిన తరువాత కూడ దానిని తొలగించుకొనటానికి వారు న్యాయస్థానాలకు ఎక్కవలసి వచ్చినది. మన దేశంలో, మొదటి గర్భంతోనే పరిచారిక ఉద్యోగం ముగియాలన్న ఎయిర్ ఇండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టివేసినది. ఉద్యోగంలో చేరిన నాలుగేండ్లలోపు వివాహం కూడదన్న నిబంధనను మాత్రం ఆ తీర్పే నిలిపినది.

నర్సు అర్హత తొలగిపోయినది రెండవ ప్రపంచయుద్ధం వలన. నర్సులు సైన్యానికి కావలసి వచ్చినారు. అట్లా వెళ్లినవారిలో ఎలెన్ ఒకతె. 1942 డిసెంబరులో సైనిక నర్సుల దళంలో చేరి, గాయపడిన సైనికులను విమానాలలో తరలించే పనిలో ఉత్తర ఆఫ్రికాలోను, సిసిలీలోను, ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను పనిచేసినది. కెప్టెన్ హోదా, ఎయిర్ మెడల్ ఆమెకు లభించినవి. ప్రయాణికుల భయం పోగొట్టటానికి నర్సు కావాలని 1930లో ఆమె చేసిన వాదన, ఈ విమానాలలో అక్షరాలా ప్రాణరక్షణ అయినది.

నేడు మన దేశంలో ఈ వృత్తికి నర్సు పట్టా అక్కరలేదు. సాధారణంగా ఇంటర్మీడియెట్ చదువు, పద్ధెనిమిదేండ్ల వయస్సు, ఇంగ్లీషు, హిందీ భాషలలో మాట్లాడే నేర్పు, ఆరోగ్యం చూస్తారు. ఎంపికైన పిమ్మట కంపెనీ ఇచ్చే శిక్షణలో అధికభాగం వడ్డనకు సంబంధించినది కాదు. నిప్పు అంటుకొంటే ఆర్పటం, విమానం నీటిలో దిగితే ప్రయాణికులను వెలుపలకు పంపటం, ప్రథమచికిత్స ఇవి ముఖ్యం. పరిచారిక ప్రధానంగా రక్షకురాలు అనే భావం ఆ తొలి ఎనిమిదిమంది నర్సులనాటిదే.

యుద్ధానంతరం ఎలెన్ ఇండియానా రాష్ట్రంలోని టెర్రెహోట్ పట్టణంలో యూనియన్ ఆసుపత్రి నర్సుల విభాగానికి అధిపతిగాను, పిదప ఆ ఆసుపత్రి నిర్వాహకురాలిగాను పనిచేసినది. 1964లో, షష్టిపూర్తి సమీపించిన వయస్సులో, ఒక బ్యాంకు అధ్యక్షుని వివాహమాడినది. ఏడాది తిరుగకముందే, 1965 ఆగస్టు 22న, గుఱ్ఱపుస్వారీలో క్రిందపడి మరణించినది. ఆమె పుట్టిన క్రెస్కోలోని చిన్న విమానాశ్రయానికి ఎలెన్ చర్చ్ ఫీల్డ్ అని పేరు పెట్టినారు.