వృద్ధసేవకురాలు జీన్ జుగాన్

ఒక వృత్తియందు ఇరువది ముప్పది యేండ్లు గడిపినవారు దానిని విడిచి వేఱొక పనికి పూనుకొనుట లోకమునకు వింతగా దోచును. అందును ఆ క్రొత్త పని ధనమునుగాని పేరునుగాని తెచ్చునది గాక, కదలలేని ముసలివారికి ఒడలు తుడిచి, అన్నము తినిపించి, పక్కబట్టలు మార్చునదైనచో, బంధుమిత్రులు మందలింపక మానరు. అట్టి పనిని నలువదియేడవ యేట చేపట్టి, దానికి దేశదేశములయందు గౌరవము గల్పించిన యొక పనికత్తె చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా దెలుప దలచితిమి. ఆమె పేరు జీన్ జుగాన్. ఆమె ఫ్రాన్సు దేశస్థురాలు.

ఫ్రాన్సు దేశమునకు వాయవ్యమున సముద్రతీరమునందు బ్రిటనీ యను ప్రాంతము గలదు. అందలి కాంకాల్ అను రేవునకు జేరిన యొక చిన్నపల్లెలో 1792వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన జీన్ జన్మించెను. ఫ్రెంచి విప్లవము ప్రజ్వరిల్లుచున్న కాలమది. ఆమె తండ్రి జోసెఫ్ జుగాన్ చేపలు పట్టి జీవించువాడు. జీన్‌కు నాలుగేండ్లు నిండక మునుపే అతడు సముద్రముమీదికి బోయి మఱల రాలేదు. తల్లి కూలిపనులు చేసి బిడ్డలను పోషించెను. జీన్ పశువులను మేపుచు, ఉన్ని వడకుటయు అల్లుటయు నేర్చుకొనెను. ఆ తీరమున భర్తలను సముద్రమునకు గోల్పోయిన స్త్రీలనేకులు. ఒంటిలో సత్తువ యున్నంతకాలము వారు కూలి చేసికొందురు; సత్తువ యుడిగిన పిమ్మట బిచ్చమెత్తుకొందురు. ఈ స్థితిని జీన్ బాల్యమునుండియు కన్నులార జూచినది.

ఇంచుమించు పదునాఱేండ్ల ప్రాయమున ఆమె సమీపమందలి యొక జమీందారు కుటుంబమున వంటయింటి పనికి గుదిరెను. ఆ యింటి యజమానురాలు దయగల స్త్రీ. ఆమె రోగులను, దరిద్రులను చూడబోవునప్పుడు ఈ బాలికను వెంట దీసికొని పోవుచుండెను. దానము చేయువారు ఇచ్చెడు వస్తువుకంటె ఇచ్చెడు విధము ముఖ్యమని జీన్ అచ్చటనే గ్రహించియుండవలెను. ఒక నావికుడు ఆమెను పెండ్లాడ గోరెను గాని, తన జీవితమును దేవుడు వేఱొక కార్యమునకై యుంచుకొన్నాడని తలచి ఆమె యంగీకరింపలేదు. ఆ కార్యమేదో అప్పటి కామెకును దెలియదు.

1817లో, తన యిరువదియైదవ యేట, జీన్ ఆ కొలువు మానుకొని సేంట్ సెర్వాన్ అను రేవుపట్టణమునకు బోయి, అచ్చటి రోసే ఆసుపత్రిలో పరిచారికగా జేరెను. ఆ యాసుపత్రి రోగులతోను, దిక్కులేని బిడ్డలతోను క్రిక్కిఱిసియుండెడిది. ఆఱేండ్లు అచ్చట శ్రమపడుటచే ఆమె యారోగ్యము చెడెను. 1823లో ఆసుపత్రి విడిచి, లెకోక్ అను నొక వృద్ధకన్య యింట పనికి జేరెను. పేరునకు యజమానురాలును పనికత్తెయునైనను వారిరువురు స్నేహితురాండ్రవలె మెలగిరి. కలసి ప్రార్థించిరి, కలసి బీదల యిండ్లకు బోయిరి. పండ్రెండేండ్లు గడచిన పిదప, 1835లో లెకోక్ మరణించెను. జీన్ ఆమెకు కడవఱకు పరిచర్య చేసినది.

అప్పటికి జీన్‌కు నలువదిమూడేండ్లు. స్వగృహము లేదు, సంసారము లేదు. పలువురి యిండ్లలో దినకూలికి బట్టలుదుకుట, ఇస్త్రీ చేయుట మున్నగు పనులు చేసికొనుచు బ్రదుకజొచ్చెను. ఫ్రాన్స్వాజ్ ఓబెర్ అను డెబ్బదియేండ్లు దాటిన స్నేహితురాలితో గూడి ఒక చిన్న యిల్లు అద్దెకు దీసికొనెను. రెండు గదులు, పైన అటుక: ఇంతియే ఆ యిల్లు. వర్జీనీ అను తల్లిదండ్రులు లేని పదునేడేండ్ల బాలికయు వారితో జేరెను. ఒకతె వృద్ధురాలు, ఒకతె నడివయస్కురాలు, ఒకతె బాలిక. ముగ్గురును తమ చేతిపనిచే జీవించుచుండిరి. ఈ యిల్లే యొక మహాకార్యమునకు పునాది యగునని ఎవరును తలచియుండరు.

1839వ సంవత్సరపు చలికాలమున ఆ యూర ఆన్ షోవాన్ అను వృద్ధురాలు దిక్కులేక పడియుండెను. ఆమెకు కన్నులు కనబడవు. ఒంటిలో నొక భాగము పక్షవాతముచే పడిపోయినది. ఆమెను చూచుకొనుచుండిన తోబుట్టువును ఆసుపత్రి పాలయ్యెను. జీన్ ఆ సంగతి తెలిసికొని, ఆ వృద్ధురాలిని ఎత్తుకొని తెచ్చి, మెట్లెక్కించి, తన మంచముపై పరుండబెట్టెను. తాను అటుకపైకి బోయి పరుండెను. ఇంతకంటె ఆర్భాటము లేదు. సభ చేయలేదు, చందాల పట్టిక వ్రాయలేదు, కట్టడమునకు శంకుస్థాపన జరుగలేదు. ఉన్నది యొక మంచము, దాని నిచ్చివేసినది. పగలు కూలిపని చేసి, రాత్రి వృద్ధురాలికి పరిచర్య చేయుట ఆమెకు నిత్యకృత్యమయ్యెను.

పిదప ఇసబెల్ కేరు అను మఱియొక స్త్రీ వచ్చెను. ఆమె కథయు మిక్కిలి హృదయవిదారకము. ఆమె సేవించిన యజమానులు దరిద్రులు కాగా వారిని విడువక, తన కూడబెట్టిన సొమ్ముతోను, అది ముగిసిన పిమ్మట బిచ్చమెత్తియు, వారు చనిపోవువఱకు పోషించిన పనికత్తె యామె. తన వంతు వచ్చునప్పటికి ఆమెకు ఎవరును లేకపోయిరి. యావజ్జీవము ఇతరుల యిండ్లు చక్కబెట్టినవారికి ముసలితనమున తలదాచుకొన నొక యిల్లు లేకుండుట జీన్ సహింపలేకపోయెను. తానును అట్టి పనికత్తెయే గదా!

మరీ జామే అను యువతియు మఱికొందఱును సాయమునకు వచ్చిరి. 1841లో వీరు ఇంతకంటె పెద్దదైన యొక యింటిని అద్దెకు గొని, పండ్రెండుగురు వృద్ధురాండ్రను జేర్చుకొనిరి. 1842లో పూర్వము కన్యాస్త్రీల మఠముగా నుండిన యొక భవనమును కొనిరి. అందు 40 మందికి చోటు గలిగెను. ఓపిక గల వృద్ధురాండ్రు ఉన్ని వడకుచు ఇంటి ఖర్చులకు దమ వంతు తోడ్పడుచుండిరి. ఇది గమనింపదగిన విషయము. ముసలివారు వట్టి భారముగా గాక, తామును ఇంటివారమేయను తృప్తితో జీవింపవలెనని జీన్ యుద్దేశము.

ఇంతమందికి అన్నమెట్లు? ఈ వృద్ధురాండ్రలో పలువురు మునుపు వీధులలో బిచ్చమెత్తినవారు. అది వారికి సిగ్గును కలిగించెడిది. కొందఱిని దురలవాటులకును ఈడ్చెడిది. వారిని ఇల్లు కదలవలదని చెప్పి, వారెవరెవరి గుమ్మములకు పోవుచుండిరో అడిగి తెలిసికొని, వారికి బదులుగా జీన్ తానే గంప చేత బట్టుకొని బయలుదేరెను. ఒకరి సిగ్గును మఱొకరు తమపై వేసికొనుట యనగా నిదియే. ఆమె అభిమానవతి, తొలుత ఇది యామెకు దుస్సహముగా నుండెను. రొట్టెయైనను, మిగిలిన కూరయైనను, పాతబట్టయైనను, కట్టెలైనను ఆమె కాదనక గైకొనెడిది. ఒకనాడొక కోపిష్ఠి ఆమెను చెంపపై గొట్టెనట. ఆ దెబ్బ తనకు జెల్లినదనియు, ఇక తన బీదలకేమైన నిమ్మనియు ఆమె శాంతముగా బలికెనని చెప్పుదురు.

ఇట్లు వృద్ధి నొందుచున్న కార్యమున ఒక యన్యాయము జరిగెను. 1842లో తోడివారు జీన్‌ను తమ పెద్దగా నెన్నుకొనియుండిరి. 1843 డిసెంబరులో మఱల ఆమెనే యెన్నుకొనిరి. కాని వారికి మతగురువుగా నుండిన లె పాయ్యర్ అను నాతడు కొలదిదినములలోనే ఆ యెన్నికను త్రోసిపుచ్చి, ఇరువదిమూడేండ్ల మరీ జామేను పెద్దగా నియమించెను. జీన్ ఏబదియొక్క యేండ్ల స్త్రీ. ఇల్లామెది, ఆలోచన యామెది, శ్రమ యామెది. అయినను ఆమె వాదింపలేదు. అలిగి వెడలిపోలేదు. మఱునాడును ఆ గంప చేత బట్టుకొని వృద్ధులకై బయలుదేరెను.

1845లో సేంట్ సెర్వాన్ పట్టణపు పెద్దల విన్నపముపై ఫ్రెంచి అకాడమీ వారు ఆమెకు మోంతియోన్ బహుమానమును, 3,000 ఫ్రాంకులను ఒసంగిరి. ఆ కీర్తిని ఆమె తన కొఱకు వాడుకొనలేదు. క్రొత్త ఊళ్లలో దాతల తలుపులు తెఱచు తాళపుచెవిగా మాత్రము వాడుకొనెను. రెన్, దినాన్, తూర్, ఆంజే పట్టణములలో వరుసగా వృద్ధాశ్రమములు వెలసెను. ఈ సమాజమే పిమ్మట బీదల చిన్న సహోదరీల సమాజమను పేర ప్రసిద్ధి కెక్కినది.

1852లో లె పాయ్యర్ ఆమెను ముఖ్యగృహమునకు బిలిపించి, ఇక వెలుపలి దాతలతో సంబంధము పెట్టుకొనరాదని కట్టడ చేసెను. అప్పటికామెకు అఱువదియేండ్లు. 1856 మొదలుకొని సేంట్ పెర్న్ అను గ్రామమందలి మఠమున, క్రొత్తగా జేరిన యువతుల నడుమ, చిన్నచిన్న పనులు చేసికొనుచు కాలము బుచ్చెను. మొత్తము ఇరువదియేడేండ్లు ఇట్లు గడచెను. స్థాపకుడు తానేయని ఆ గురువు చాటుకొనెను. ఈ ముసలియామెయే తమ సమాజమునకు మూలమని ఆ యువతులలో ననేకులు ఎఱుగనేయెఱుగరు. 1865లో మాత్రము, సమాజము శాశ్వతమైన ఆదాయములను స్వీకరింపవచ్చునా యను ప్రశ్న వచ్చినప్పుడు, వలదనియు, దినదినము దేవునిపైనను దాతలపైనను ఆధారపడుటయే మేలనియు ఆమె దృఢముగా జెప్పెను. ఆ మాట నెగ్గెను. కడపటి యేండ్లలో ఆమె చూపు మందగించెను. అంధురాలికి తన మంచమిచ్చిన యామె తానును ఇంచుమించు అంధురాలై, చేతికఱ్ఱ ఊతగా నడచుచు, 1879వ సంవత్సరము ఆగష్టు 29వ తేదీన, తన యెనుబదియాఱవ యేట కన్ను మూసెను. నాటికి సమాజమున ఇంచుమించు 2,400 మంది సహోదరీలును, 177 ఆశ్రమములును ఉండెను.

సత్యము ఆలస్యముగానైనను వెలికి వచ్చును. 1890లో విచారణ జరిగి లె పాయ్యర్ అధికారమునుండి తొలగింపబడెను. మరీ జామేయు తన యంత్యకాలమున తాను స్థాపకురాలను గానని యొప్పుకొనెను. 1982లో కతోలిక సంఘము జీన్‌ను ధన్యురాలిగాను, 2009 అక్టోబరు 11వ తేదీన పునీతురాలిగాను ప్రకటించెను. ఆమె సమాజము 1882లో కలకత్తాకు వచ్చెను. మన సికిందరాబాదునందును వారి వృద్ధాశ్రమము గలదు.

ఈ చరిత్రమువలన మనము నేర్వదగిన దేమి? జీన్ జుగాన్ వంటయింట నేర్చిన ఓర్పును, ఆసుపత్రిలో నేర్చిన పరిచర్యను, ఒక వృద్ధకన్య యింట నేర్చిన స్నేహమును తుదకు ఒక మంచమువద్ద కూర్చి వినియోగించినది. కాబట్టి నడివయస్సున వృత్తి మార్చుకొనువారు గడచిన యేండ్లను గోల్పోయినట్లు కాదు. నేడు మన యూళ్లలోను బిడ్డలు దూరదేశములకు బోగా, వృద్ధులను ఇంటనే యుండి చూచుటకు మనుష్యులను కుదుర్చుకొనుట కలదు. ఆ పనికి వచ్చువారిలో వేఱు పనులు మాని వచ్చినవారును గలరు. తలిదండ్రులారా, అట్టివారిని మీరు ఏమని పిలుచుచున్నారు? ఏ పళ్లెమున అన్నము పెట్టుచున్నారు? చెప్పిన జీతము చెప్పిన దినమున నిచ్చుచున్నారా? మీ బిడ్డ యొకతె ఆ పనియే చేసెదనన్నచో సిగ్గుపడుదురా? విద్యార్థులారా, మీ యింట అవ్వగాని తాతగాని యున్నచో, పొరుగూరి సేవకై వెదకుట కేల? ఈ సాయంకాలమే వారి పక్కబట్టలు దులిపి వేయుడు. వారు ముమ్మాఱు చెప్పిన కథను నాలుగవమాఱును వినుడు. మీ పేరెవరును చెప్పుకొనకపోవచ్చును. జీన్ పేరును చిరకాలము ఎవరును చెప్పుకొనలేదు. అయినను ఆమె చేర్చుకొన్న వృద్ధులు ఆ రాత్రులలో చలికి వడకక నిదురించిరి.