మొదటి సాలార్‌జంగ్: ప్రభుత్వోద్యోగానికి గౌరవం తెచ్చిన దివాను

సాలార్‌జంగ్ అనగానే మనకు స్ఫురించేది మూసీ తీరాన వెలసిన ప్రదర్శనశాల. అందలి సేకరణలో అధికభాగం మూడవ సాలార్‌జంగ్‌ది. ఆయన తాతగారైన మొదటి సాలార్‌జంగ్ మనకు విడిచిన ఆస్తి వేరొకటి కలదు. అది అద్దాల బీరువాలలో కానరాదు. జిల్లా కచేరీలలోను, రెవిన్యూ దస్త్రాలలోను వెదకవలసి ఉంటుంది. ఆ మహనీయుని జీవితాన్ని మా విద్యార్థులకు సంగ్రహంగా పరిచయం చేయదలచాము.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరిలో బీజాపూరులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోగా పినతండ్రి సిరాజుల్‌ముల్క్ సంరక్షణలో పెరిగారు. ఇరువదేళ్ల ప్రాయంలోపలనే ఖమ్మం ప్రాంతానికి తాలూక్‌దారుగా కొద్దినెలలు పనిచేసి, రైతు వద్ద నుండి ఖజానా వరకు పైకం ఏ దారిన నడుస్తుందో కన్నులారా చూశారు. 1853 మే నెలలో బీరారు ఆంగ్లేయుల వశమైంది. ఆ నెలలోనే పినతండ్రి మరణించగా, 24 ఏళ్ల ఈ యువకునిపై దివానుగిరీ భారం పడింది.

ఆనాటి రాజ్యస్థితి దయనీయం. ఖజానా ఖాళీ, అప్పులు కొండంత. శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారుడు సర్కారుకు చెల్లించవలసిన పైకాన్ని సాహుకార్ల వద్దనో, అరబ్బు జమాదార్ల వద్దనో బదులు తెచ్చి ముందుగా కట్టి, దానికి ఎన్నోరెట్లు రైతు వద్ద రాబట్టేవాడు. అతనికి జీతం లేదు, లెక్క చెప్పే బాధ్యతా లేదు. ఉద్యోగమంటే సేవ కాదు, బేరం.

సాలార్‌జంగ్ ఈ బేరాన్ని కూకటివేళ్లతో పెకలించ సంకల్పించారు. గుత్తేదారులను క్రమంగా తొలగించి, వారి స్థానంలో నెలజీతగాండ్రను నియమించారు. అనేక చోట్ల నడిచే టంకశాలలను మూయించి, రాజధానిలోని టంకశాల నుండి ఒకే ప్రమాణం గల హాలీ సిక్కా నాణేన్ని వెలువరించారు. 1864లో మజ్లిసె మాల్గుజారీ అనే రెవిన్యూ మండలిని, 1865లో జిలాబందీ విధానాన్ని నెలకొల్పారు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, ఆయన క్రింద దోయం, సోయం తాలూక్‌దారులు, వారి క్రింద తహసీల్దార్లు: ఇట్లు ఎవరి పని ఏదో, ఎవరు ఎవరికి జవాబుదారో తేటపడింది. 1868లో న్యాయం, రెవిన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్‌మహాంలను నియమించారు.

కొత్త యంత్రసాధనాలను సైతం ఆయన ఆడంబరంగా కాక పాలనకు పనిముట్లుగా చూశారు. 1869లో రాజ్యపు తపాలా బిళ్ళలు వెలువడ్డాయి. 1874లో వాడీ నుండి సికింద్రాబాదుకు రైలుమార్గం తెరువబడి, హైదరాబాదు బొంబాయి–మద్రాసు మార్గంతో కలిసింది.

అయితే యంత్రం ఎంత గొప్పదైనా నడిపే మనిషి కావాలి కదా! అందుకే ఆయన దారుల్ ఉలూంను, 1873లో మద్రసా ఆలియాను స్థాపించారు. విద్య ఫలించడానికి ఏళ్లు పడుతుంది, పని ఆగదు. కనుక సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, మెహదీ అలీ, ముష్తాఖ్ హుస్సేన్, చిరాగ్ అలీ వంటి సమర్థులను బయటి ప్రాంతాల నుండి రప్పించారు. వంశం కాక విద్య, అనుభవం అర్హతలుగా నిలవడం దర్బారుకు కొత్త సంగతి.

ఇంతటి వానిలోనూ లోపాలు లేకపోలేదని చెప్పక తప్పదు. 1857లో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీపై దండెత్తినప్పుడు ఆయన ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. రాజ్యాన్ని కాపాడారని కొందరు, స్వాతంత్ర్యవీరులకు అడ్డుపడ్డారని మరికొందరు నేటికీ వాదిస్తారు. ఆంగ్లేయులకు అంత చేసినా, 1876లో స్వయంగా ఇంగ్లండు వెళ్లినా, బీరారు మాత్రం తిరిగి రాలేదు. ఇక బయటివారి రాకతో స్థానికులలో కలిగిన అసంతృప్తి కాలక్రమాన ముల్కీ, గైర్‌ముల్కీ వివాదమై శతాబ్దానికి పైగా రగిలింది. రైతు పలికేది తెలుగు, మరాఠీ, కన్నడం; కచేరీ వ్రాసేది ఫారసీ. ఈ అగాధం ఆయన జీవితకాలంలో పూడలేదు. నేలతల్లి బిడ్డలను తగినంత వేగంగా తీర్చిదిద్దకుంటే ఎంతటి సంస్కరణకైనా వెలితి తప్పదని మా అభిప్రాయం.

ముగ్గురు నిజాముల కాలంలో ముప్పై ఏళ్లు దివానుగా ఉన్న ఆయనపై రెండు పర్యాయాలు హత్యాప్రయత్నాలు జరిగాయి. 1869లో బాలుడైన మీర్ మహబూబ్ అలీ ఖాన్ గద్దెకు రాగా, షంసుల్ ఉమ్రాతో కలిసి రాజ్యభారాన్ని వహించారు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి కన్నుమూశారు.

మా విద్యార్థులలో అనేకులు రేపు ప్రభుత్వోద్యోగాలలో ప్రవేశిస్తారు. వారి బల్లపై ఏ కొత్త యంత్రం ఉన్నా, దాని ఆవల తన పని కొరకు నిలిచిన సామాన్యుడు ఉంటాడు. పుచ్చుకున్న జీతానికి లెక్క చెప్పడం, రాని పనిని నేర్చుకోవడం, నేర్చినదానిని తోటివారికి నేర్పడం: ఇవి అలవడిననాడు ఉద్యోగం అమానతు అవుతుంది. ఆ అమానతులో ఖయానతు చేయకుండుటే ఆ దివానుకు మనం అర్పించగల నిజమైన నివాళి.