తెరపై బడిపంతులు... పాలనలో పంతుళ్లతో పేచీ

ఎల్బీనగర్: ఎల్బీనగర్ కూడలికి సమీపంలోని ఒక కాలనీ ఎన్టీఆర్ నగర్‌గా ఆయన పేరు మోస్తున్నది. అక్కడికి కొద్ది దూరంలోని దిల్‌సుఖ్‌నగర్ వీధులలో డీఎస్సీ, టెట్ శిక్షణ కేంద్రాల బోర్డులు బారులు తీరి కనిపిస్తాయి. సర్కారు బడిలో కొలువు కోసం జిల్లాల నుంచి వచ్చి, ఇరుకు గదులలో అద్దెకుంటూ చదివే యువతకూ ఆ పేరుకూ మధ్య ఒక పాత సంబంధం ఉన్నది. ఉపాధ్యాయుడు ఎన్నేళ్లు పనిచేయాలి, ఎంత జీతం పొందాలి, సంఘాల మాటకు పాలనలో ఎంత చోటుండాలి అనే ప్రశ్నలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజకీయాలనే కుదిపినది నందమూరి తారక రామారావు హయాంలోనే.

పల్లె బడి నుంచి పట్టా వరకు

రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో జన్మించారు. తండ్రి లక్ష్మయ్య చౌదరి, తల్లి వెంకట రామమ్మ. స్వగ్రామంలో అక్షరాభ్యాసం జరిగిన పిమ్మట విజయవాడలో చదివారు. అక్కడి ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ ఆయనకు తెలుగు బోధించారు. కళాశాల నాటకంలో మీసం తీయకుండానే స్త్రీ పాత్ర ధరించి తోటి విద్యార్థుల నోట మీసాల నాగమ్మ అనిపించుకున్నారు. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, 1947లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగంలో చేరారు. నెలకు 190 రూపాయల జీతం వచ్చే ఆ కొలువును మూడు వారాలకే వదిలి మద్రాసు రైలెక్కారు. స్థిరమైన సర్కారు జీతాన్ని కోరి వదులుకున్న ఆ యువకుడే ముప్పై ఆరేళ్ల తర్వాత లక్షలాది సర్కారు ఉద్యోగుల సర్వీసును నిర్ణయించే స్థానంలో కూర్చున్నారు.

1949లో విడుదలైన మనదేశం చిత్రంతో ఆయన వెండితెర జీవితం మొదలైంది. రాముడు, కృష్ణుడు పాత్రలతో ఇంటింటి దేవుడైన ఆయన 1972లో బడిపంతులు చిత్రంలో ఉపాధ్యాయునిగా నటించారు. ఊరి పిల్లలకు చదువు చెప్పి, వృద్ధాప్యంలో కన్నబిడ్డల నిరాదరణకు గురైన పంతులు పాత్ర అది. ఆ చిత్రాన్ని చూసి కన్నీరు పెట్టిన ఉపాధ్యాయ కుటుంబాలు ఎన్నో. బడిపంతులు కష్టం తెలిసినవాడన్న భావన ఆ వర్గంలో స్థిరపడడానికి ఆ పాత్ర తోడ్పడింది.

యాభై ఐదేళ్లకే ఇంటికి

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని ప్రకటించిన రామారావు, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నెల తిరగకముందే, ఫిబ్రవరి 8న, ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55 సంవత్సరాలకు తగ్గించాలని ప్రభుత్వం నిర్ణయించింది. చదువుకుని ఖాళీగా ఉన్న యువతకు ఉద్యోగాలు కల్పించడమే లక్ష్యమని ప్రభుత్వం వాదించింది. ఫిబ్రవరి 28న 18 వేలకు పైగా ఉద్యోగులు ఒక్కసారిగా విరమణ పొందారు.

పిల్లల పెళ్లిళ్లు, చదువులు, ఇంటి అప్పులు మిగిలి ఉండగానే ఉద్యోగులు ఇంటిదారి పట్టవలసి వచ్చింది. ఎంతో ముందుగా తెలిసి ఉండవలసిన విషయం మూడు వారాల వ్యవధిలో నెత్తిన పడిందన్నది సంఘాల ఆక్రోశం. మరోవైపు పట్టాలు చేతబట్టుకుని ఎదురుచూస్తున్న యువతలో ఆ నిర్ణయానికి ఆదరణ లేకపోలేదు. ఒక తరం ఉపాధికి మరో తరం ఉపాధిని పోటీగా నిలిపిన ఘట్టమది.

1984 ఆగస్టు 16న రామారావు ప్రభుత్వం బర్తరఫ్ అయింది. గద్దెనెక్కిన నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం వారం తిరగగానే, ఆగస్టు 23న, ఆర్డినెన్సు ద్వారా వయస్సును తిరిగి 58కి పెంచింది. ఉద్యోగుల మద్దతుకు రాజకీయాలలో ఎంత విలువ ఉన్నదో ఆ తొందర చాటింది. నెల రోజులకు అధికారం తిరిగి పొందిన రామారావు కూడా 58నే ఉంచారు. 1985 జనవరిలో సుప్రీంకోర్టు 55 ఏళ్ల నిబంధన చెల్లుతుందని తీర్పు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో, మధ్యకాలంలో విరమణ పొందినవారికి కూడా 58 ఏళ్ల ప్రయోజనం వర్తించాలని మరో తీర్పు ఇచ్చింది.

మండలి రద్దు

1985 మార్చి ఎన్నికలలో ఘన విజయం సాధించిన ఆయన, ఆ ఏడాది జూన్ 1 నుంచి శాసనమండలిని రద్దు చేయించారు. ఖజానాకు భారమని, ప్రయోజనం లేనిదని ప్రభుత్వం భావించింది. అయితే మండలి సభ్యులలో పన్నెండో వంతు మందిని ఉపాధ్యాయులే తమ ఓటుతో ఎన్నుకునేవారు. సంఘాల నాయకులు చట్టసభలో నిలబడి జీతభత్యాలు, బడుల సమస్యలు ప్రస్తావించే వేదిక అలా మూతపడింది. మండలి తిరిగి కొలువుదీరడానికి 2007 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

వేదిక పోయినా పోరు ఆగలేదు. 1986లో వేతన సవరణ కోసం ఉద్యోగులు, ఉపాధ్యాయులు సాగించిన సమ్మె యాభై రోజులు దాటింది. ఆ ఏడాది జులై 1 నుంచి కొత్త వేతన స్కేళ్లు వర్తించాయి. అయినా సమ్మెకాలంలో ఏర్పడిన దూరం తరగలేదు.

398 రూపాయల పంతుళ్లు

ఆయన ప్రభుత్వ కాలంలోనే ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకాలు జరిగాయి. డీఏ, ఇంక్రిమెంట్లు లేకుండా నెలకు 398 రూపాయల స్థిర వేతనం. ఖాళీగా ఉన్న బడులకు మాస్టర్లు వచ్చారన్నది ప్రభుత్వం మాట. ఒకే తరగతి గదిలో ఒకే పని చేసేవారికి రెండు రకాల జీతాలేమిటన్నది సంఘాల ప్రశ్న. ఆ సర్వీసు కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు ఇవ్వాలన్న డిమాండు దశాబ్దాల పాటు వినతిపత్రాలలో కొనసాగింది. తక్కువ జీతానికి మాస్టర్లను తెచ్చుకునే పద్ధతి ఆయనతోనే ముగియలేదు. తర్వాతి ప్రభుత్వాలు విద్యా వాలంటీర్ల రూపంలో దానిని కొనసాగించాయి.

విద్యారంగంలో ఆయన చేసిన మేలునూ విస్మరించలేము. క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ 1983లో చట్టం వచ్చింది. అదే ఏడాది తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం, 1985లో హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వెలిశాయి. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పద్ధతి, ఆయన హయాంలో సాంఘిక సంక్షేమ గురుకులాల ద్వారా దళిత బాలబాలికలకు చేరువైంది. 1984లో ప్రభుత్వ నియామకాలలో మహిళలకు 30 శాతం కేటాయించడంతో బడులలో మహిళా ఉపాధ్యాయుల ప్రవేశానికి దారి విశాలమైంది. 1995లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది.

ఓటమి, పునరాగమనం

1989 ఎన్నికలలో తెలుగుదేశం 74 స్థానాలకే పరిమితమైంది. స్వయంగా రామారావు కల్వకుర్తిలో ఓటమి చవిచూశారు. ఆ పరాజయానికి కారణాలు అనేకం. ఉద్యోగ, ఉపాధ్యాయ వర్గాల అసంతృప్తి వాటిలో ఒకటని పరిశీలకులు లెక్కించారు. 1994 డిసెంబరులో ప్రజలు ఆయనను తిరిగి గెలిపించారు. 1995లో సొంత పార్టీలోనే అధికారం కోల్పోయి, 1996 జనవరి 18న హైదరాబాద్‌లో కన్నుమూశారు.

మిగిలిన ప్రశ్న

ఆ ఏడేళ్ల పేచీలో ప్రభుత్వం ఖజానా లెక్క చెప్పింది. సంఘాలు సర్వీసు లెక్క చెప్పాయి. రెండింటిలోనూ న్యాయం ఉన్నది. అయితే పల్లె బడిలో పిల్లవాడు చదవడం, రాయడం నేర్చుకుంటున్నాడా అన్న లెక్క ఏ ఒప్పందంలోనూ ప్రధానాంశం కాలేదు. 1991 జనగణన నాటికి రాష్ట్ర అక్షరాస్యత 44.09 శాతం మాత్రమే. జీతం సరిగా అందని మాస్టరుతో బడి నడవదు. జీతం పెరిగినంత మాత్రాన బడి బాగుపడుతుందన్న హామీ కూడా లేదు. ఈ రెండు మాటలనూ ఒకే బల్లపై ఉంచి మాట్లాడుకునే అవకాశం నాడు చేజారింది.

నేడు తెలంగాణలో పదవీ విరమణ వయస్సు 61. 2021లో ఈ పెంపు జరిగింది. మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ ఉపాధ్యాయ నియోజకవర్గంలో ఎల్బీనగర్ ప్రాంత ఉపాధ్యాయులు మండలి సభ్యుని ఎన్నుకుంటున్నారు. రామారావు మార్చిన రెండు నిర్ణయాలూ అలా వెనక్కు మళ్లాయి. కొలువు కోసం ఎదురుచూసే యువత మాత్రం మిగిలే ఉన్నది. 2017 తర్వాత 2024లో గాని పూర్తికాని డీఎస్సీ నియామకాలలో 11,062 పోస్టులు ప్రకటించారు. ఆ ఏడాది జులైలో పరీక్ష వాయిదా కోరుతూ అభ్యర్థులు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డెక్కారు. పెద్దవారి సర్వీసు ఎంత, యువత వాటా ఎంత అన్న 1983 నాటి ప్రశ్నకు ఆ వీధులలో ఇంకా సమాధానం దొరకలేదు. ఆ కొలువులు ఏ పిల్లల కోసమో వారి చదువు గురించి మాట్లాడేవారే ఇప్పటికీ తక్కువ.