గణిత మేధావి శ్రీనివాస రామానుజం: డెబ్బయి అయిదు రూపాయల వేతనం

ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు వినడం మనకు తరతరాల ఆచారం. జన్మభూమికి దూరంగా ఈ తమిళదేశంలో స్థిరపడినా మనం దానిని విడిచిపెట్టలేదు. ఈ సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఈ నాలుగు లెక్కలనూ నిండుగా అనుభవించిన ఒక మహనీయుని చరిత్ర జ్ఞప్తికి వచ్చింది. ఆయనే శ్రీనివాస రామానుజం. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్నవాణ్ణి. ఆయన గణితాన్ని వివరించే శక్తి నాకు లేదు. ఒక గుమాస్తాకు ప్రజాధనంతో పరిశోధన చేసుకునే భాగ్యం ఎట్లా కలిగిందో మాత్రం మనవి చేయగలను.

రామానుజం 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడ్‌లో మాతామహుల ఇంట జన్మించాడు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. 1904లో మెట్రిక్యులేషను ప్యాసయి, కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనం సంపాదించాడు. కాని లెక్కలు తప్ప మరొక పాఠం మీద మనసు నిలవలేదు. ఇంగ్లీషులో తప్పాడు. వేతనం పోయింది. ఆ సిగ్గుతో 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్టణం దాకా వెళ్ళాడు. తరువాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరాడు గాని, ఎఫ్.ఏ. పరీక్ష అక్కడా గట్టెక్కలేదు. 1907తో డిగ్రీ ఆశ అడుగంటింది.

ఆ తరువాత అయిదేళ్ళు చెప్పనలవి కాని దారిద్ర్యం. కాగితం కొనే స్తోమతు లేక పలక మీద లెక్కలు చేసి, మోచేతితో తుడిచి, ఫలితాలను మాత్రం నోటు పుస్తకాలలో ఎక్కించేవాడు. 1909లో జానకితో వివాహమయింది. సంసార భారం మీద పడింది. ఆ నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని ఉద్యోగం కోసం పెద్దల గడపలు తొక్కాడు. 1910లో తిరుక్కోయిలూరు డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరును కలిశాడు. భారత గణిత సంఘ స్థాపకుడాయన. ఆ దారినే చివరకు మన నెల్లూరుకు చేరాడు. అప్పటి నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు గారు గణితం తెలిసిన రసజ్ఞులు. మొదట అనుమానించినా, తరువాత యువకుని ప్రజ్ఞ గ్రహించి సొంత సొమ్ములోంచి నెలకు 25 రూపాయలు ఇచ్చి మద్రాసులో ఉంచారు.

అయితే ఒకరి దయాధర్మం మీద ఎన్నాళ్ళు బ్రతకడం? రామానుజం మనసు ఒప్పుకోలేదు. 1912 మార్చి 1న మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరాడు. అక్కడి అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ రైల్వే ఇంజనీరుగా పేరు గడించి వచ్చినవాడు. పై అధికారి నారాయణ అయ్యరు స్వయంగా గణితజ్ఞుడు. ఈ ఇద్దరూ ఆ గుమాస్తాను కసురుకోక కాపాడారు. 1913 జనవరి 16న రామానుజం కేంబ్రిడ్జిలోని హార్డీ పండితునికి తన సిద్ధాంతాలు వ్రాసి పంపాడు. అక్కడినుంచి ఆదరంతో జవాబు వచ్చింది. ఫిబ్రవరి 25న వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ పోర్టుకు వచ్చి, ఆ నోటు పుస్తకాలు చూచి, ఇతనికి జీవనచింత లేకుండా చేయవలసిందని మద్రాసు విశ్వవిద్యాలయానికి వ్రాశాడు.

అసలు ఘట్టం ఇక్కడే ఉంది. మార్చి 19న గణిత పాఠ్యసంఘం నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ళు పరిశోధక వేతనం ఇవ్వాలని సిఫారసు చేసింది. నిబంధనల ప్రకారం ఆ వేతనానికి ఎం.ఏ. ప్యాసయి ఉండాలి. ఇతడు ఎఫ్.ఏ. కూడా ప్యాసు కాలేదు! కచేరీలో పనిచేసే మనబోటివారికి ఇటువంటి కాగితం గతి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాని సిండికేటులో న్యాయమూర్తి పి.ఆర్. సుందరయ్యరు, విశ్వవిద్యాలయ చట్టపు పీఠికలోనే పరిశోధనాభివృద్ధి ఒక ధ్యేయంగా పేర్కొన్నారని, నిబంధన ఆ ధ్యేయానికి అడ్డు రాకూడదని వాదించి నెగ్గారు. చట్టాన్ని అతిక్రమించి కాదు, చట్టంలోని ఉద్దేశాన్ని చూపించి తలుపు తెరిచారు. 1913 మే 1 నుంచి రామానుజం పరిశోధక విద్యార్థి అయ్యాడు. మూడు నెలలకొకసారి చేసిన పని నివేదించాలి. అంతే షరతు.

మరుసటి సంవత్సరం కేంబ్రిడ్జినుంచి నెవిల్ అనే గణితజ్ఞుడు మద్రాసు వచ్చి రామానుజాన్ని ప్రయాణానికి ఒప్పించాడు. విశ్వవిద్యాలయం సాలుకు 250 పౌన్ల వేతనం, ఓడ ఖర్చులు, దుస్తుల ఖర్చులు మంజూరు చేసింది. గవర్నరు లార్డ్ పెంట్లండ్ ఆమోదించాడు. అందులోంచి నెలకు 60 రూపాయలు కుంభకోణంలోని తల్లిదండ్రులకు చేరే ఏర్పాటు చేసుకుని, 1914 మార్చి 17న రామానుజం ఓడ ఎక్కాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం లేకపోతే ఆ అడుగు పడేదా?

అక్కడ యుద్ధకాలం, చలి, శాకాహారపు ఇబ్బంది. అయినా 1916లో పరిశోధనకు కేంబ్రిడ్జి పట్టం వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలోగా, ట్రినిటీ కళాశాల ఫెలోగా ఎన్నికయ్యాడు. రాజపూజ్యం నిండుగా వచ్చింది గాని ఆరోగ్యం చెడింది. మద్రాసు విశ్వవిద్యాలయం మరి అయిదేళ్ళు సాలుకు 250 పౌన్లు ఇవ్వడానికి తీర్మానించింది. దానికి రామానుజం 1919 జనవరిలో వ్రాసిన జవాబు మనం పిల్లలకు చెప్పదగినది. ఆ సొమ్ము తన అవసరాలకు మించినదనీ, తల్లిదండ్రులకు కొంత ఇచ్చి, ఖర్చులు పోను మిగిలినది పేద పిల్లల, అనాథల చదువుకూ పుస్తకాలకూ వినియోగించమనీ కోరాడు. ప్రజాధనం తిన్నవాడు ప్రజల ఋణం మరువలేదు.

1919 వసంతంలో స్వదేశానికి తిరిగివచ్చి, రోగశయ్య మీద కూడా లెక్కలు చేస్తూ, 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేటుపట్టులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలు. ఆ చివరి కాగితాలు కేంబ్రిడ్జి గ్రంథాలయంలో 1976లో బయటపడి, నేటికీ పండితులకు పని కల్పిస్తున్నాయి. చిన్న వయస్సున పోవడం కంటే, ఆదరణ లేక వృథా అయిన యౌవన సంవత్సరాలే అసలు నష్టమని హార్డీ అభిప్రాయం.

నేడు పరిశోధక విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం వేతనాలిస్తున్నది. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్పును నెలకు 37,000 రూపాయలు చేశారు. విదేశాలనుంచి తిరిగివచ్చే శాస్త్రజ్ఞులకు రామానుజం పేరనే ఒక ఫెలోషిప్పు నెలకొల్పారు. సంతోషమే. కాని జాతీయ అర్హత పరీక్షకు పట్టం స్థాయి విశ్వవిద్యాలయ చదువు కావాలి. ఆనాటి రామానుజం నేడు దరఖాస్తు పెడితే తొలి మెట్టులోనే త్రోసివేయబడతాడు. నిబంధనలు ఉండవలసిందే. వాటితోపాటు ఒక సుందరయ్యరు కూడా ఉండాలి.

మనలో చాలామందిమి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారి సంతానం. పిల్లవాడు పరిశోధన చేస్తానంటే, ఉద్యోగం ఎప్పుడురా అని అడగడం మన ఇళ్ళలో మామూలు. నేనూ అడిగేవాణ్ణే. ఇకమీదట ఆ ప్రశ్నకు ముందు, నీకు వచ్చే వేతనమెంత, దరఖాస్తుకు గడువెప్పుడు, మేము చేయగలిగిందేమిటి అని అడుగుదాం. ఈ కొత్త సంవత్సరంలో మన పిల్లలకు ఆదాయం, రాజపూజ్యం అధికంగా కలగాలని కోరుతూ సెలవు.