రాకెట్టు గణితము చెప్పిన బడిపంతులు

రాకెట్టు నమూనాలు చేయు మా బాలబాలికలకు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ జీవితమును తెలుపుట ఉచితమని తలచుచున్నాము.

ఆయన 1857లో రష్యా దేశమందలి ఇజెవ్‌స్కొయె గ్రామమున జన్మించెను. పదేండ్ల ప్రాయమున స్కార్లెట్ జ్వరము సోకి వినికిడి చాలవరకు నశించెను. కొన్నేండ్లకే తల్లియు గతించెను. పాఠము వినలేని బాలునకు బడిచదువు సాగలేదు. పదునారవ యేట మాస్కో నగరమున కేగి, అరకొర తిండితో కాలము గడపుచు, గ్రంథాలయమునందు గణితమును, భౌతికశాస్త్రమును స్వయముగా నేర్చుకొనెను. 1879లో ఉపాధ్యాయ పరీక్షయందు నెగ్గెను. 1892 నుండి కలూగా పట్టణమున బోధించెను.

బడి ముగిసిన పిదప ఆయన యిల్లే ప్రయోగశాల. 1897లో గాలిసొరంగమును నిర్మించి, అందు వేర్వేరు ఆకృతుల నమూనాలనుంచి, గాలి దేనినెంత అడ్డగించునో కొలిచెను. 1903లో రాకెట్టు సూత్రమును ప్రకటించెను: వాయువు వెలువడు వడి హెచ్చిన కొలదియు, మొత్తపు బరువులో ఇంధనపు పాలు పెరిగిన కొలదియు రాకెట్టు వేగము హెచ్చును. నాడు దానిని గుర్తించినవారు కొలదిమందియే. 1935లో ఆయన మరణించెను. 1957లో తొలి కృత్రిమోపగ్రహము రాకెట్టుపై నింగి కెగసెను.

నమూనాకు రంగు వేయునపుడు ఆ గాలిలెక్కయు, ఆ బరువులెక్కయు మన చేతిలోనే యున్నవి. ప్లాస్టిక్ ముక్కును సబ్బునీట కడిగి, ఆరనిచ్చి, ఉప్పుకాగితముతో తేలికగా రుద్దినగాని ప్రైమరు సరిగా పట్టదు. ఆరిన ప్రైమరును నునుపు చేసి రంగు వేసినచో గాలి అడ్డు తగ్గును. దళసరిగా పూసినచో బరువు పెరిగి, ఎగురు ఎత్తు తగ్గును. కావున పలుచని పూతలే మేలు. చెవులు వినకున్నను చేతులతో చేసి, కొలిచి తెలిసికొనిన ఆ పంతులుగారి మార్గము మనకు శిరోధార్యము.